యాక్సిడెంటైన ఎలక్ట్రిక్ కారు విప్పి లోపలి ఎలక్ట్రానిక్స్ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఇన్సూరెన్స్ వేలంలో ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నారు. ముందు భాగం నుజ్జయింది, బ్యాటరీ ప్యాక్ బయటికి బాగానే కనిపిస్తోంది. ప్యాక్ 350 వోల్టుల తరగతి, లోపలి ఛార్జరు 3.3 కిలోవాట్లది. రేణిగుంట దగ్గర షెడ్డులో డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలతో కలిసి విప్పి, భాగాలన్నీ విశ్లేషించి రిపోర్టు రాయాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏయే చిప్పులు చూడాలి అని అడిగారు.

ఛార్జరుతో మొదలుపెట్టండి, తర్వాత ఇన్వర్టరు (బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే పెట్టె), బీఎంఎస్ (బ్యాటరీ సెల్లులను కాపలా కాసే) బోర్డులు చివర. బ్యాటరీ ప్యాక్ మూత మాత్రం మీ షెడ్డులో తీయొద్దు. చిప్పుల జాబితా ఆఖరి పని. ఏ బోర్డు చేతికొచ్చినా మొదట మూడు దారులు గీయించండి: కరెంటు ఎటునుంచి ఎటు పోతోంది, వేడి ఏ దారిన బయటికి పోతోంది, హైవోల్టేజీ వైపును 12 వోల్టుల వైపు నుంచి ఏ గీత దగ్గర విడదీశారు. ఈ మూడూ గీసిన పిల్లవాడికి ఏ చిప్పు ఎందుకుందో దానంతట అదే అర్థమవుతుంది. చిప్పుల మీద నంబర్లు మాత్రమే రాసుకుంటే మిగిలేది సామాన్ల పట్టీ.

ఛార్జరు ముందెందుకంటే, కారు నుంచి ఊడదీశాక దాని లోపల సొంత కరెంటు మూలం ఏదీ ఉండదు, కెపాసిటర్లలో మిగిలింది తప్ప. పైగా ఏసీ బోర్డులు, కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు రిపేరు చేసిన చేతికి అందులో సగం పరిచయమైన ముఖాలే. బ్యాటరీ ప్యాక్ సంగతి వేరు. దానికి స్విచ్ ఆఫ్ అనేది లేదు.

విప్పే ముందు కరెంటు చంపే పద్ధతి

తాళం, రిమోట్ కారుకు దూరంగా పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసి, తీగ చివర టేపు చుట్టండి. తర్వాత సర్వీస్ డిస్కనెక్ట్ ప్లగ్గు (హైవోల్టేజీ దారిని చేత్తో తెంచే ప్లగ్గు) లాగి, దాన్ని జేబులో వేసుకోండి. ఇంకొకరు తెలియక తిరిగి పెట్టే అవకాశం ఉండకూడదు. పది నిమిషాలు ఆగండి. ఆరంజ్ రంగు హైవోల్టేజీ కేబుళ్ళను ముట్టుకునే వారికి క్లాస్ 0 (కరెంటు పనికి చేసిన రకం) రబ్బరు గ్లవ్స్, వాటిపైన తోలు గ్లవ్స్ ఉండాలి. ఆ రబ్బరు గ్లవ్‌ను ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి, గాలి బిగించి, ఎక్కడైనా బుస్సుమంటుందేమో వినాలి. మే నెలలో మన ఎండకు గ్లవ్‌లో చెమట కారుతుంది, పిల్లలు విసుక్కుని తీసేస్తారు. లోపల పల్చటి నూలు గ్లవ్స్ ఇవ్వండి, పని పొద్దున్నే పెట్టుకోండి. గ్లవ్స్‌ను ఎండలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేస్తే రబ్బరు పగుళ్ళిస్తుంది.

మల్టీమీటరు క్యాట్ త్రీ 1000 వోల్టుల భద్రతా రేటింగు ఉన్నది కావాలి. ముందు దాన్ని పక్కన పెట్టిన 12 వోల్టుల బ్యాటరీ మీద చూడండి. తర్వాత కారు హైవోల్టేజీ ప్లస్–మైనస్ మధ్య, ప్లస్–బాడీ మధ్య, మైనస్–బాడీ మధ్య కొలవండి. మళ్ళీ ఆ 12 వోల్టుల బ్యాటరీ మీద చూడండి. ఆ చివరి కొలత ఎందుకంటారా? మధ్యలో ప్రోబ్ తీగ తెగినా మీటరు సున్నానే చూపిస్తుంది. 60 వోల్టుల లోపు డీసీని నిబంధనలు తక్కువ ప్రమాదంగా లెక్కిస్తాయి. బోర్డు మీద చెయ్యి పెట్టాలంటే మాత్రం 5 వోల్టుల కిందికి వచ్చేదాకా ఆగమంటాను.

మీ కారు ముందు భాగం నలిగింది కాబట్టి బాడీకి కొలవడం ఇంకా ముఖ్యం. నలిగిన చోట కేబుల్ తొడుగు చీలి రాగి షాసీకి తగిలి ఉండొచ్చు. ఏ కొలతలోనైనా వోల్టేజీ నిలకడగా నిలబడితే పని అక్కడే ఆపి, ఆ మోడల్ మీద శిక్షణ ఉన్న వారిని పిలవండి. సర్వీస్ ప్లగ్గు లాగితే ప్యాక్ చచ్చిపోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. అది సాధారణంగా ప్యాక్‌ను రెండు ముక్కలుగా విడదీస్తుంది. లోపల ఒక్కో ముక్కలో 170, 180 వోల్టులు అలాగే ఉంటాయి.

ఇంకో సంగతి కనుక్కోండి. కారు నీళ్ళలో మునిగిందా? 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో మీకు తెలుసు. మునిగిన ప్యాక్ ఆరినట్టు కనిపించినా, లోపల మిగిలిన తేమ వల్ల రోజులు, వారాల తర్వాత కూడా మంట రేగొచ్చు. అలాంటిదైతే షెడ్డులో పెట్టొద్దు. ఏ కట్టడానికైనా, ఇతర బండికైనా 50 అడుగుల దూరంలో ఆరుబయట ఉంచాలి.

స్క్రూ తిప్పే ముందు

ప్రతి పెట్టె లేబుల్ ఫోటో, కనెక్టర్లు పెట్టి ఉన్నప్పటి ఫోటో, పెట్టె బరువు. బరువు ఇప్పుడు తీయకపోతే తర్వాత కూలెంట్, జెల్, స్క్రూలు పోయాక లెక్క కుదరదు. థర్మోకోల్ షీటు మీద పెట్టె ఆకారం గీసి, ఏ రంధ్రం స్క్రూ ఆ చోటే గుచ్చండి. పొడవు స్క్రూ పొట్టి స్క్రూ చోటికి వెళితే కింది బోర్డును పొడుస్తుంది. థర్మల్ పేస్టు మీద చిప్పు వదిలిన అచ్చును తుడవకముందే ఫోటో తీయండి. పేస్టు ఎక్కడ పల్చగా, ఎక్కడ మందంగా పరుచుకుందో చూస్తే వేడి దారి ఎక్కడ బలహీనమో తెలుస్తుంది. తుడిచారా, ఆ సాక్ష్యం పోయినట్టే.

ఛార్జరు లోపల

230 వోల్టులు వచ్చే వైపు నుంచి వరుసగా పోండి. ఫ్యూజు, సర్జ్ పీల్చే వేరిస్టర్లు, పెద్ద రింగు చోకులు (తీగ చుట్టిన కాయిళ్ళు), కరెంటులోని రొదను వడకట్టే ఎక్స్, వై కెపాసిటర్లు. తర్వాత మొదటి కరెంటు దూకుడును ఆపే రెసిస్టరు, దాని పక్కనే రిలే. ఆ తర్వాత పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టరు సరిచేసే) దశ, దాదాపు 400 వోల్టుల బస్సు (లోపలి ప్రధాన డీసీ లైను), దాని మీద 450 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల వరుస. చివర హైఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫైయరు, బ్యాటరీ వైపు ఫిల్టరు. ట్రాన్స్‌ఫార్మరు కిందుగా బోర్డు మీద ఒక ఖాళీ గీత కనిపిస్తుంది. రాగి ఉండదు, కొన్ని చోట్ల బోర్డునే కోసి సందు వదులుతారు. గ్రిడ్డుకూ బ్యాటరీకీ మధ్య హద్దు అదే. ఆ గీతను దాటేవి ట్రాన్స్‌ఫార్మర్లు, ఐసొలేటర్ చిప్పులు (తీగ కలపకుండా సంకేతం దాటించేవి), వై కెపాసిటర్లు మాత్రమే. వాటిని ఎర్ర పెన్నుతో గుర్తించమనండి. వెడల్పు ఐసొలేటర్ చిప్పుల కాళ్ళ వరుసల మధ్య దాదాపు 8 మిల్లీమీటర్ల దూరం స్కేలుతోనే కొలవొచ్చు.

ఇక్కడ పిల్లల చేత ఒక లెక్క చేయించండి. సింగిల్ ఫేజులో కరెంటు అలలు అలలుగా వస్తుంది కాబట్టి ఆ 400 వోల్టుల బస్సు సెకనుకు 100 సార్లు ఊగుతుంది. ఆ ఊపు ఎంతో తెలియాలంటే పవరును మూడింటి గుణకారంతో భాగించాలి: 314 (50 హెర్ట్జ్ గ్రిడ్డుకు 2π × 50), ఫారడ్లలో కెపాసిటెన్స్, బస్సు వోల్టేజీ. నాలుగు 330 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, అంటే మొత్తం 1320 మైక్రోఫారడ్లు ఉన్నాయనుకుందాం. 3300 వాట్ల దగ్గర ఊపు సుమారు 20 వోల్టులు వస్తుంది. ఇప్పుడు ఎల్‌సీఆర్ మీటరుతో అసలు కెపాసిటెన్స్ కొలవండి. లేబుల్ కన్నా 20 శాతం పైగా తగ్గి ఉంటే అవి జీవితం ముగిసినట్టే లెక్క. ఊపు పెరిగిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ లోపలి ద్రవం ఎండిపోవడం, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. నాలుగింటిలో ఏది ఎక్కువ ఎండిందో చూసి దాని పక్కన ఏముందో గమనించండి. చాలాసార్లు పీఎఫ్‌సీ చోకు పక్కదే ముందు పోతుంది.

మన వైపు ఛార్జర్లలో ఎక్కువగా కనిపించే దెబ్బ గ్రిడ్డు వైపు నుంచి వచ్చేదే. పల్లెల్లో, బోరు మోటార్ల లైన్లున్న చోట న్యూట్రల్ తెగితే, 230 రావాల్సిన ప్లగ్గుకు 415 వోల్టుల దరిదాపుల దాకా రావొచ్చు. దాని శిఖరం 587 వోల్టులు. 450 వోల్టుల కెపాసిటర్ దాన్ని భరించలేదు. వేరిస్టరు పగిలి నల్లగా మాడి, ఫ్యూజు పోయి, వెనక కెపాసిటర్ల మూతలు ఉబ్బి ఉంటే కథ అదేనని దాదాపుగా చెప్పొచ్చు. వేరిస్టరు క్షణకాలం వచ్చే పిడుగు సర్జ్ కోసం పెట్టింది, నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజీ కోసం కాదు. వేరిస్టరు బాగుండి పీఎఫ్‌సీ మాస్‌ఫెట్ (స్విచ్చుగా పనిచేసే ట్రాన్సిస్టరు) ఒక్కటే షార్ట్ అయితే కారణం లోపలే వెతకాలి: థర్మల్ ప్యాడు జారిందా, సోల్డరు చీలిందా, గేట్ రెసిస్టరు (స్విచ్చుకు ఆన్, ఆఫ్ సంకేతం వెళ్ళే దారిలోది) తెగిందా. విప్పుతూ రాసే రిపోర్టులో ఈ తేడా చెప్పగలగడమే విశ్లేషణ అంటాను.

ట్రాన్స్‌ఫార్మరు, చోకులను అల్యూమినియం గుంతలో పెట్టి రబ్బరు లాంటి పదార్థం పోసి ఉంటారు. మెత్తటి సిలికాన్ అయితే ప్లాస్టిక్ గరిటెతో ఒలిచినట్టు వస్తుంది. గట్టి ఎపాక్సీ అయితే వదిలేయండి. సుత్తి, ఉలి పెడితే ఫెర్రైట్ ముక్కలవుతుంది, తెలిసేది ఏమీ ఉండదు.

ఇన్వర్టరు

మూత తీసిన వెంటనే డీసీ లింక్ కెపాసిటర్ (బ్యాటరీ నుంచి వచ్చే డీసీ లైను మీదున్న పెద్ద కెపాసిటర్) మీద మళ్ళీ వోల్టేజీ కొలవండి. ఈ ఫిల్మ్ కెపాసిటర్ 500 మైక్రోఫారడ్ అనుకుంటే 350 వోల్టుల దగ్గర 30 జౌల్స్‌కు పైగా శక్తి దాచుకుంటుంది. దాని మీద ఖాళీ చేసే రెసిస్టరు ఒకటి శాశ్వతంగా ఉంటుంది. 50 కిలోఓమ్‌లది అయితే 60 వోల్టులకు దిగడానికి 44 సెకన్లు, 5 వోల్టులకు దిగడానికి దాదాపు 106 సెకన్లు. ఇంకా చిన్న రెసిస్టరు పెట్టొచ్చు కదా అంటే, కారు నడిచినంతసేపూ అది బ్యాటరీని తింటూ వేడెక్కుతుంది. 50 కిలోఓమ్‌లకే రెండున్నర వాట్లు పోతున్నాయి. అందుకే వేగంగా ఖాళీ చేయడానికి విడిగా ఇంకో సర్క్యూట్ కూడా పెడతారు. అది ఎక్కడుందో వెతకండి. గుద్దుకున్న కారులో ఈ రెండూ తెగి ఉండే అవకాశం ఉంది కాబట్టే పది నిమిషాలు ఆగినా మీటరు పెట్టాల్సిందే. మిగిలి ఉంటే 1 కిలోఓమ్, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరుకు ఇన్సులేటెడ్ క్లిప్పులు బిగించి ఖాళీ చేయండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటును పిల్లలకు మొదటి రోజే మాన్పించండి.

పవర్ మాడ్యూల్‌లో ఆరు స్విచ్చులుంటాయి, ఫేజుకు రెండు. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ఆరింటినీ చూడండి. స్విచ్చు ఐజీబీటీ (ఒక రకం పవర్ ట్రాన్సిస్టరు) అయితే లోపలి డయోడ్ ఒక దిశలో 0.3 నుంచి 0.5 వోల్టుల మధ్య చూపిస్తుంది. అంకె ఎంతన్నదాని కన్నా ఆరూ ఒకేలా ఉన్నాయా అన్నది చూడండి. ఒకటి సున్నా అయితే షార్ట్. సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ అయితే డ్రాప్ బాగా ఎక్కువ, కొన్ని మీటర్లు ఓపెన్ అని చూపిస్తాయి. మంచి మాడ్యూల్‌ను చెడిపోయిందని పారేయకండి.

స్విచ్చులకు ఆన్, ఆఫ్ సంకేతమిచ్చే గేట్ డ్రైవర్ బోర్డు మీద సాధారణంగా ఆరు విడి దీవులు కనిపిస్తాయి. ప్రతి దీవికీ తన చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఐసొలేటెడ్ డ్రైవరు, గేట్ రెసిస్టర్లు. ఒక డయోడ్ విడిగా స్విచ్చు కలెక్టరు కాలి వైపు పోతుంటే అది షార్ట్‌ను పసిగట్టే డీశాట్ దారి. ఈ బోర్డును చదవడానికి సగం రోజు కేటాయించండి. కారులో ఇంతకన్నా నేర్పే బోర్డు లేదని నా అభిప్రాయం.

స్విచ్చు నుంచి నీళ్ళ దాకా వేడి దారి గీయించండి: సిలికాన్ ముక్క, సోల్డరు, రాగి పూసిన సెరామిక్ పలక, మళ్ళీ సోల్డరు, కింద పిన్నులున్న రాగి పలక, కూలెంట్. ప్రతి అంచు దగ్గరా రెండు పదార్థాలు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, అలసట అక్కడే మొదలవుతుంది. తిరుమల ఘాట్ మలుపులో బండ్లు ఆగిపోయి, కారును బ్రేకు బదులు యాక్సిలరేటరుతో ఎత్తు మీద నిలబెడితే ఏమవుతుందో ఆలోచించమనండి. మోటారు తిరగడం లేదు కాబట్టి కరెంటు మూడు ఫేజుల మధ్య మారదు, ఒకే ఫేజు స్విచ్చు మిగతావాటి కన్నా ఎక్కువ భారం అదేపనిగా మోస్తుంది. వేగంగా పోయేటప్పటి కన్నా అక్కడే ఒక్క చిప్పు ఎక్కువ వేడెక్కొచ్చు. సెరామిక్ పలకను మాత్రం రుబ్బడం, సాన పట్టడం చేయొద్దు, ఆ పొడి పీల్చకూడదు. కూలెంట్ సీళ్ళ చుట్టూ తెల్లటి, పచ్చటి పొడి ఉంటే లీకు గుర్తుగా ఫోటోతో నమోదు చేయండి.

స్విచ్చుల సంఖ్య ఎలా మారిందో పోల్చడానికి పేరున్న ఉదాహరణ ఒకటి. టెస్లా మోడల్ ఎస్ పాత పెద్ద డ్రైవ్ యూనిట్‌లో మామూలు టీవో-247 (మూడు కాళ్ళ విడి ప్యాకేజీ) ఐజీబీటీలు 84 ఉండేవి. 2017లో వచ్చిన మోడల్ 3 ఇన్వర్టరులో సిలికాన్ కార్బైడ్ ప్యాకేజీలు 24. రెండింటి పవరు ఒకటి కాదు కాబట్టి సంఖ్యను సంఖ్యతో నేరుగా తూచలేం. కానీ 84 ఐజీబీటీలను సమానంగా కరెంటు పంచుకునేలా పేర్చడం ఎంత కష్టమో, ఆ కష్టం తగ్గితే పెట్టె ఎంత చిన్నదవుతుందో కనిపిస్తుంది.

కాంటాక్టర్లు, బీఎంఎస్

కాంటాక్టర్లంటే బ్యాటరీని మిగతా కారుతో కలిపే, విడదీసే పెద్ద రిలేలు. ఇవీ, బీఎంఎస్ బోర్డులూ చాలా కార్లలో ప్యాక్ లోపలే ఉంటాయి. ప్యాక్ మూతను శిక్షణ ఉన్నవారితో వేరే చోట తీయించి, బోర్డులు, కాంటాక్టర్లు మాత్రమే మీ దగ్గరికి తెప్పించుకోండి. సెల్ తీగల గుత్తిని కటింగ్ ప్లయరుతో ఒకేసారి కోయడం నిప్పు పెట్టడంతో సమానం. పక్కపక్క తీగల మధ్య కొద్ది వోల్టులే ఉన్నా గుత్తి ఈ చివర నుంచి ఆ చివరకు పదుల వోల్టులుంటాయి, వెనక ఆగే కరెంటు కాదు.

కాంటాక్టరు లోపలి కాంటాక్టులు కాలాయా అని చూడటానికి మామూలు ఓమ్ రేంజ్ పనికిరాదు. కాయిల్‌కు 12 వోల్టులిచ్చి, బెంచ్ సప్లై నుంచి కాంటాక్టుల గుండా 10 ఆంపియర్లు పంపి, టెర్మినళ్ళ మీద మిల్లీవోల్టులు కొలవండి. 3 మిల్లీవోల్టులంటే 0.3 మిల్లీఓమ్, బాగున్నట్టు. 10 దాటితే కాంటాక్టు కాలింది. కాయిల్‌కు కరెంటు లేకుండానే దారి ఉంటే అతుక్కున్నట్టు. అప్పుడు ప్రీఛార్జ్ రెసిస్టరును (మెయిన్ కాంటాక్టరు మూసుకునే ముందు ఇన్వర్టరు కెపాసిటర్‌ను మెల్లగా నింపేది) చూడండి. 50 ఓమ్‌లది 500 మైక్రోఫారడ్‌ను 125 మిల్లీసెకన్లలో నింపేస్తుంది, కానీ ప్రతిసారీ ఆ 30 జౌల్స్ అంత వేడిని అదీ మింగాలి. వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేస్తే అది కాలి తెగుతుంది. దాన్ని గమనించకుండా మెయిన్ కాంటాక్టరు ఖాళీ కెపాసిటరు మీద మూసుకుంటే కాంటాక్టులు వెల్డింగ్ అవుతాయి.

బీఎంఎస్ బోర్డు మీద బ్యాలెన్సింగ్ రెసిస్టర్లు (ఎక్కువ నిండిన సెల్లు ఛార్జిని తగ్గించి అన్నింటినీ సమం చేసేవి) లెక్కపెట్టండి, ఒక్కో సెల్ గుంపుకు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే వరుసలో ఎన్ని గుంపులున్నాయో అంచనా దొరుకుతుంది. 33 ఓమ్‌లవి అయితే 4.1 వోల్టుల దగ్గర దాదాపు 125 మిల్లీఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ సెల్లులో ఒక శాతం తేడా సరిచేయడానికే 8 గంటలు. అప్పుడప్పుడు నెమ్మదిగా ఫుల్ ఛార్జ్ చేయమని మాన్యువళ్ళలో ఎందుకుంటుందో ఇక్కడ అర్థమవుతుంది.

నంబర్లు చదవడం

బోర్డు మీద పల్చటి పూత ఉంటుంది. దొంగనోట్లు చూసే యూవీ టార్చి వేస్తే చాలా పూతలు నీలంగా మెరుస్తాయి. పూత అందని మచ్చలు, తేమ దూరిన చోట్లు అలాగే దొరుకుతాయి. అక్రిలిక్ పూత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మెత్తబడుతుంది, సిలికాన్ పూత మెత్తబడదు. దాన్ని గోకకుండా పక్క నుంచి లైటు వేసి నంబరు చదవండి. చిప్పు పాత్రను దాని చుట్టూ ఉన్న భాగాలతో సరిచూసుకున్నాకే రిపోర్టులో రాయాలి.

ఫోన్ సిగ్నల్ అందుకునే టెలిమాటిక్స్ పెట్టె, టచ్ స్క్రీన్ యూనిట్ పాత యజమాని వివరాలు దాచి ఉంచుతాయి: తిరిగిన చోట్లు, ఫోన్ నంబర్లు. హార్డ్‌వేర్ మాత్రం చూడండి, మెమరీ చదవొద్దు, దాని ఫోటోల్లో సీరియల్ నంబర్లు, ఛాసిస్ నంబరు కనబడకుండా చూడండి.

రిపోర్టులో ప్రతి పెట్టెకూ బరువు, రేటెడ్ పవరు, కిలోకు ఎన్ని కిలోవాట్లు, కనెక్టర్ల సంఖ్య, స్క్రూల సంఖ్య, మూడు దారుల బొమ్మ పెట్టండి. ధర అంచనా మాత్రం జాగ్రత్త. చెన్నై రిచీ స్ట్రీటులో ఒక్క ముక్క కొనే ధరను లక్షల్లో కొనే కంపెనీకి అంటగడితే లెక్క ఎన్నో రెట్లు తప్పుతుంది. సిలికాన్ ముక్క వైశాల్యం, రాగి బరువు, అల్యూమినియం బరువు చెప్పండి, అవి ఎవరు కొలిచినా ఒకటే.

పని ముగిశాక బోర్డులు 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద, ప్యాక్ 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద రిజిస్టరైన రీసైక్లరుకే పోవాలి. ప్యాక్‌ను తూకానికి అడిగే పాత సామాన్ల వారికి ఇవ్వకండి. దాన్ని గొడ్డలితో తెరిచేది వారి పిల్లలే కావొచ్చు. రీసైక్లరు వచ్చేదాకా ప్యాక్ నీడలో, నేల మీద కాకుండా మంట అంటుకోని దిమ్మల మీద, చుట్టూ ఖాళీ జాగా వదిలి ఉంచండి. రోజుకు రెండుసార్లు దాని పై మూతను ఐఆర్ థర్మామీటరుతో చూసి, గాలి ఉష్ణోగ్రతతో పక్కపక్కనే రాసిపెట్టండి. ఎండ తగలకపోయినా ఏ ఒక్క మూల అయినా మిగతా చోట్ల కన్నా వేడిగా కనిపిస్తే దగ్గరికి పోకుండా మనుషులను దూరం పంపి, 101కు ఫోన్ చేసి అది లిథియం ప్యాక్ అని మొదటి మాటలోనే చెప్పండి.